వినే చెవి కోసం నూరేళ్ళు

1969 సెప్టెంబరులో సారా హేలీ బోస్టన్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో సోషల్ వర్కర్‌గా చేరారు. మొదటి రోజునే ఆమె ముందు కూర్చున్న రోగి వియత్నాం నుంచి తిరిగి వచ్చిన సైనికుడు. అతడు భయంతో వణికిపోతూ ఒక సంగతి చెప్పాడు. తన దళం మై లై అనే ఊళ్ళో చొరబడి ఆడవాళ్ళనూ పిల్లలనూ చంపింది. తాను తుపాకి పేల్చలేదు. ఈ మాట బయట పెడితే ప్రాణం తీస్తామని తోటివారు బెదిరించారు. ఆ రోజు వైద్యబృందం సమావేశమై అతడి జబ్బుకు పారనాయిడ్ స్కిజోఫ్రీనియా అని పేరు పెట్టింది. అతడు చెప్పినదంతా భ్రాంతి కింద జమ అయింది. అతడి మాట తాను నమ్ముతున్నానని హేలీ అంటే, కొత్తగా చేరిన అమ్మాయి అమాయకత్వమని తోటివారు తేలిగ్గా తీసుకున్నారు. మై లై మారణకాండ గురించి పత్రికలు లోకానికి చెప్పింది రెండు నెలల తర్వాత, నవంబరులో.

ఆ వైద్యులు చెడ్డవారు కారు, చదువు తక్కువవారూ కారు. వారి చేతిలో ఉన్న గ్రంథంలో ఆ సైనికుడి బాధకు చోటు లేదు. అమెరికన్ మనోవైద్యుల సంఘం 1952లో ప్రచురించిన మొదటి రోగ వర్గీకరణలో, యుద్ధం వంటి విపత్తుల వల్ల మనసుకు తగిలే దెబ్బకు ఒక పేరు ఉండేది. 1968 నాటి రెండవ కూర్పులో ఆ పేరును తీసేశారు. అప్పటికి అయిదు లక్షల మందికి పైగా అమెరికన్ సైనికులు వియత్నాంలో ఉన్నారు. రెండు ప్రపంచ యుద్ధాల్లో లక్షల మందిని చూసి నేర్చుకున్న పాఠాన్ని వైద్యశాస్త్రం సరిగ్గా ఆ వేళకే ఎలా మరిచిపోయింది? యుద్ధగాయాల మనోవైద్య చరిత్ర చదివేవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే. ఈ రంగంలో తెలుసుకోవడమూ మరిచిపోవడమూ వంతులవారీగా సాగాయని జూడిత్ హెర్మన్ 1992లో వెలువరించిన 'ట్రామా అండ్ రికవరీ'లో గుర్తించారు. ఆ మరపుకు కారణం వైద్యశాస్త్రంలో ఎంత ఉందో, సైనికుడి మాటను నమ్మడానికి సమాజం చెల్లించవలసి వచ్చే మూల్యంలోనూ అంతే ఉంది.

ఈ బాధకు పేర్లు చాలా మారాయి. 1688లో జొహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి స్వదేశానికి దూరమై కృశించిపోయే స్విస్ యువకుల వ్యాధికి 'నాస్టాల్జియా' అని పేరు పెట్టాడు. ఇప్పుడు తీపి బెంగను సూచించే ఆ మాట అప్పట్లో ప్రాణాంతకమైన జబ్బు పేరు. అమెరికన్ అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యపు వైద్యులు ఈ పేరు కింద ఐదు వేలకు పైగా కేసులు నమోదు చేశారు. అదే యుద్ధంలో జేకబ్ డకోస్టా అనే వైద్యుడు ఫిలడెల్ఫియాలోని ఆసుపత్రిలో గుండెదడ, ఆయాసం, ఛాతీనొప్పితో బాధపడే సైనికులను పరీక్షించాడు. గుండెలో పైకి కనిపించే లోపం లేదు. 1871లో ఆయన దానిని 'చిరాకు గుండె'గా వర్ణించాడు. లోకం దానిని 'సైనికుడి గుండె' అంది. జబ్బు శరీరంలోనే ఉండాలన్న పట్టుదల ఆ పేర్లలో కనిపిస్తుంది. శరీరంలో ఉంటే సిపాయి తప్పు కాదు. మనసులో ఉందంటే మాత్రం పిరికితనమన్న అనుమానం వెంటనే తలెత్తుతుంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ అనుమానం మరణశిక్షల దాకా వెళ్ళింది. 1915 ఫిబ్రవరిలో చార్లెస్ మయర్స్ అనే బ్రిటిష్ వైద్యుడు జ్ఞాపకం, చూపు, వాసన, రుచి దెబ్బతిన్న ముగ్గురు సైనికుల గురించి 'లాన్సెట్' పత్రికలో రాస్తూ 'షెల్ షాక్' అనే మాట వాడాడు. ఫిరంగిగుండు పేలుడుకు మెదడు అదిరి ఇలా జరుగుతోందని మొదట ఊహించారు. కాని పేలుడు దరిదాపుల్లో లేనివారికీ అవే లక్షణాలు రావడం మయర్స్ త్వరలోనే గమనించాడు. సైన్యం మాత్రం కేసులను రెండుగా విడగొట్టింది. శత్రువు గుండు వల్ల వచ్చినదైతే గాయం. దానికి గౌరవచిహ్నమూ పింఛనూ ఉంటాయి. అలా కాకపోతే కేవలం అస్వస్థత. ఆ రెండూ ఉండవు. సొమ్ నదీ యుద్ధం తర్వాత కేసులు పెరిగిపోవడంతో 1917లో ఆ మాటనే వాడవద్దని ఆదేశాలిచ్చారు. మాట పోయినంత మాత్రాన జబ్బు పోలేదు. యుద్ధం ముగిసేసరికి బ్రిటిష్ సైన్యంలో కేసులు దాదాపు 80,000 అని అంచనా. పారిపోయారనీ పిరికితనం చూపారనీ మరణశిక్ష పొందిన 306 మందికి బ్రిటిష్ ప్రభుత్వం క్షమాపణ ప్రకటించింది 2006లో. వారిలో షెల్ షాక్ బాధితులు ఎందరో తేల్చిచెప్పే దారి అప్పటికి మూసుకుపోయింది.

చికిత్సలోనూ రెండు దారులుండేవి. లండన్‌లో లూయిస్ యెలాండ్ మాట పడిపోయిన సిపాయిల గొంతుకు విద్యుత్ ప్రవాహం పెట్టేవాడు. మాట వచ్చేదాకా గది తలుపు తెరుచుకోదని ముందే చెప్పేవాడు. 1918లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఈ విజయాల వివరాలు ఉన్నాయి. ఆ గదిలో సిపాయి నోరు తెరవాలి, అంతే. అతడు ఏం చెబుతాడన్నది ఎవరికీ అక్కర్లేదు.

రెండవ దారి డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్‌ది. ఈయన పేరు దక్షిణ భారతదేశపు చరిత్ర చదివినవారికి కొత్తది కాదు. 1901-02లో మద్రాసు ప్రెసిడెన్సీలోని నీలగిరులకు వచ్చి, తోడా జాతివారి మధ్య నెలల తరబడి మెలగి, వారి వంశావళులను ఒక్కొక్కటిగా అడిగి రాసుకున్న మానవశాస్త్రవేత్త ఆయనే. 'ది తోడాస్' 1906లో అచ్చయింది. తనకు తెలియని లోకం నుంచి వచ్చిన మనిషి ఎదురుగా కూర్చుని, అతడు చెప్పేదాన్ని తొందరపడకుండా వినడం ఆయనకు అక్కడ వృత్తిధర్మం. 1916లో ఎడిన్‌బరో దగ్గరి క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రికి చేరినప్పుడు ఆయన వెంట వచ్చింది ఆ అలవాటే.

కందకాల నుంచి వచ్చిన అధికారులకు ఇంటివారూ వైద్యులూ ఇచ్చే సలహా ఒకటే: జరిగింది మరిచిపో, మంచి సంగతులు ఆలోచించు. పగలంతా ఆ ప్రయత్నం చేసినవాడికి రాత్రుళ్ళు నరకమవుతున్నాయని రివర్స్ కనిపెట్టాడు. 1918 ఫిబ్రవరిలో 'లాన్సెట్'లో ప్రచురించిన వ్యాసంలో, యుద్ధానుభవాన్ని అణచిపెట్టడం వల్లనే బాధ ముదురుతోందని రాశాడు. ఒక అధికారి తన మిత్రుడి దేహం ముక్కలై పడి ఉండగా చూశాడు. కలల్లో అదే రూపం వెంటాడేది. అంతగా ఛిద్రమైన దేహం ఒక మాట చెబుతోంది కదా, ప్రాణం క్షణంలో పోయింది, అతడు బాధపడలేదు అని రివర్స్ ఆ అధికారి దృష్టికి తెచ్చాడు. ఆ తర్వాత కూడా కల వచ్చింది. కాని అందులో భయం లేదు, దుఃఖం మాత్రం ఉంది. మరొక రోగి విషయంలో ఆ భయంకర జ్ఞాపకాన్ని మరోలా చూపగల మాట ఒక్కటీ తనకు దొరకలేదనీ, అతడు సైన్యం వదిలి పల్లెటూళ్ళో ప్రశాంతంగా గడపడమే మేలనిపించిందనీ అదే వ్యాసంలో ఒప్పుకున్నాడు. యెలాండ్ పుస్తకంలో ఇలాంటి ఒప్పుకోలు కనిపించదు.

రివర్స్ దారిలోనూ ఒక ముల్లు ఉంది. మనిషి కోలుకుంటే మళ్ళీ కందకాలకు పంపాలి. యుద్ధం ఇక ఆపాలని బహిరంగ ప్రకటన చేసిన కవి సీగ్‌ఫ్రీడ్ ససూన్‌ను కోర్టు మార్షల్ చేయడానికి బదులు 1917 జులైలో ఇదే ఆసుపత్రికి పంపారు. ఆయనను రివర్స్ చూశాడు. ఆ నవంబరులో ససూన్ తిరిగి సైన్యంలోకి వెళ్ళాడు. అదే ఆసుపత్రి పత్రికకు సంపాదకుడిగా ఉన్న విల్‌ఫ్రెడ్ ఓవెన్ కూడా కోలుకుని యుద్ధానికి వెళ్ళి, సంధి కుదరడానికి వారం ముందు, 1918 నవంబరు 4న చనిపోయాడు. పాట్ బార్కర్ 1991లో రాసిన 'రీజెనరేషన్' నవలకు ఈ ముల్లే ఇతివృత్తం. రోగుల కథలు వింటున్న కొద్దీ వైద్యుడి నమ్మకాలు కదిలిపోవడం ఆ నవలలో అసలు కథ. నిజంగా వినేవాడు విన్నదానికి జవాబుదారీ అవుతాడు. సైన్యాలకూ ప్రభుత్వాలకూ వినడం ఎందుకు కష్టమో అక్కడ అర్థమవుతుంది.

క్రెయిగ్‌లాక్‌హార్ట్ అధికారుల ఆసుపత్రి. చదువూ హోదా ఉన్నవారి కథలు కవిత్వమై మిగిలాయి. అదే యుద్ధానికి భారతదేశం నుంచి పది లక్షల మందికి పైగా సముద్రాలు దాటి వెళ్ళారు. వారిలో చాలామంది ఇంటికి ఉత్తరాలు మరొకరి చేత రాయించుకున్నారు. ఆ ఉత్తరాల్లో ఎక్కువ భాగం మనకు దక్కింది సైనిక సెన్సారు అధికారులు అనువదించి దాచుకున్న భాగాలుగానే. సెన్సారు అధికారి ఆ సిపాయిల గోడు చదివింది వారిని బాగుచేయడానికి కాదు, సైన్యంలో అసంతృప్తి ఏ మేరకు ఉందో కొలుచుకోవడానికి. వారిలో నిద్రలేని రాత్రులతో ఊళ్ళకు తిరిగి వచ్చినవారికి రివర్స్ వంటివాడు దొరికే అవకాశం లేదు.

1922లో బ్రిటిష్ ప్రభుత్వ విచారణ సంఘం షెల్ షాక్ అనే మాటను పూర్తిగా వదిలేయాలని సిఫారసు చేసింది. ఆ ఏడాదే రివర్స్ మరణించాడు. అమెరికాలో ఏబ్రమ్ కార్డినర్ మాజీ సైనికులకు చేసిన వైద్యం ఆధారంగా 1941లో ఒక ముఖ్యగ్రంథం ప్రచురించే నాటికి లోకం మరో యుద్ధంలో మునిగి ఉంది. 1943 ఆగస్టులో సిసిలీలో జనరల్ ప్యాటన్ ఆసుపత్రిలో పడి ఉన్న ఇద్దరు సైనికులను పిరికిపందలని తిట్టి చెంపదెబ్బలు కొట్టాడు. ఐసెన్‌హోవర్ ఆయన చేత క్షమాపణ చెప్పించాడు. మొదటి యుద్ధపు పాఠాన్ని వైద్యులు మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నారు. ప్రతి మనిషి ఓర్పుకూ ఒక హద్దు ఉంటుందనీ, ముందు వరుసలో మొత్తం 200 నుంచి 240 రోజులు పోరాడితే సగటు సైనికుడు ఆ హద్దుకు చేరతాడనీ 1946లో సైనిక మనోవైద్యులు లెక్క కట్టారు.

ఆ సంవత్సరమే దర్శకుడు జాన్ హస్టన్ సైన్యం కోరికపై న్యూయార్క్ సమీపంలోని సైనిక మానసిక ఆసుపత్రిలో డాక్యుమెంటరీ తీశాడు. మాట తడబడే, నడక మరిచిన, ఇంటి పేరెత్తితే ఏడ్చే యువకులు అందులో ఉన్నారు. నల్లవారూ తెల్లవారూ ఒకే గదిలో కూర్చుని తమ బాధలు చెప్పుకుంటారు. 'లెట్ దేర్ బి లైట్' అని పేరు పెట్టుకున్న ఆ చిత్రం మీద సైన్యం నిషేధం పెట్టింది. అది జనం ముందుకు వచ్చింది 1980లో. గెలిచి వచ్చిన వీరుడి బొమ్మ పక్కన ఆ చిత్రాన్ని నిలబెట్టడం అప్పటి అమెరికాకు ఇష్టం లేకపోయింది.

వియత్నాం నాటికి సైనికుడి ఒంటరితనం ఇంకా పెరిగింది. దళమంతా కలిసి వెళ్ళి కలిసి రావడం పోయి, ఎవరి ఏడాది గడువు వారిదయింది. పాతకాలంలో ఓడలో తోటివారితో వారాల తరబడి ప్రయాణం చేస్తూ కబుర్లాడుకుంటూ వచ్చేవారు. ఇప్పుడు అడవిలో నుంచి విమానమెక్కినవాడు ఒకటి రెండు రోజుల్లో తన వీధిలో ఒంటరిగా దిగుతున్నాడు. ఆ వీధిలో యుద్ధం పేరెత్తితే కొందరికి కోపం, మరికొందరికి విసుగు.

అప్పుడు సైనికులు తమ వైద్యం తామే మొదలుపెట్టారు. 1970 డిసెంబరులో న్యూయార్క్‌లో, యుద్ధాన్ని వ్యతిరేకించే వియత్నాం మాజీ సైనికుల సంఘం కార్యాలయంలో, వారానికోసారి కూర్చుని మాట్లాడుకోవడం ప్రారంభమైంది. వీటిని ర్యాప్ గ్రూపులనేవారు. అప్పటి వాడుకలో ర్యాప్ అంటే మనసు విప్పి మాట్లాడుకోవడం. మనోవైద్యులు ఛైమ్ షటాన్, రాబర్ట్ జే లిఫ్టన్ వారికి తోడయ్యారు. లిఫ్టన్ అంతకు ముందు హిరోషిమాలో బతికి బయటపడినవారి అనుభవాలను గ్రంథస్థం చేసినవాడు. ఈ సమావేశాల్లో వైద్యుడికి ఎత్తుపీట లేదు. సైనికులు వారిని ప్రశ్నించేవారు, నిలదీసేవారు. లిఫ్టన్ 1973లో రాసిన 'హోమ్ ఫ్రమ్ ద వార్' ఆ గదిలో పుట్టిన పుస్తకమే. చూసిన చావుల భారంతో పాటు చేసిన పనుల అపరాధభావమూ ఆ సైనికులను కాల్చేసిందని అది చెబుతుంది. బోస్టన్‌లో సారా హేలీ 1974లో రాసిన వ్యాసం దీనికి జోడీ. రోగి తన ఘోరకృత్యాలను చెప్పుకున్నప్పుడు వైద్యుడు ఏం చేయాలన్నది అందులోని విషయం. హేలీ తండ్రి రెండవ ప్రపంచ యుద్ధంలో రహస్య విభాగంలో పనిచేసినవాడు. యుద్ధంలో ఏమేం జరుగుతాయో ఆమె చిన్ననాడే ఇంట్లో విన్నారు. ఆ తొలిరోజు రోగి మాట ఆమెకు నమ్మశక్యం కావడానికి అదొక కారణం.

షటాన్ 1972 మేలో 'న్యూయార్క్ టైమ్స్'లో రాసిన వ్యాసంతో ఈ బాధ జనం దృష్టికి వచ్చింది. తర్వాత ఏళ్ళ తరబడి షటాన్, లిఫ్టన్, హేలీ, మాజీ సైనికులు కలిసి మనోవైద్యుల సంఘంతో వాదించి, కేసులు పోగుచేసి చూపించి, 1980లో వెలువడిన మూడవ వర్గీకరణ గ్రంథంలో ఒక కొత్త పేరు చేర్పించారు. అదే పోస్ట్ ట్రమాటిక్ స్ట్రెస్ డిజార్డర్, ఇప్పుడందరి నోటా వినిపించే పీటీఎస్‌డీ. పేరు పడ్డాక పింఛనుకూ వైద్యానికీ తలుపు తెరుచుకుంది. అత్యాచార బాధితులు, నిర్బంధ శిబిరాల నుంచి బయటపడినవారు కూడా ఆ తలుపు గుండానే లోపలికి రాగలిగారు.

దీనికి ఏడాది ముందే, 1979లో, అమెరికన్ కాంగ్రెస్ వెట్ సెంటర్లకు ఆమోదం తెలిపింది. ప్రభుత్వ ఆసుపత్రి గడప తొక్కడానికి ఇష్టపడని సైనికుల కోసం ఊరి మధ్య మామూలు దుకాణం గదుల్లో వీటిని తెరిచారు. తెల్లకోట్లు లేవు. మాట్లాడించేవారిలో చాలామంది తామే యుద్ధం చూసి వచ్చినవారు. ర్యాప్ గ్రూపుల పద్ధతికి ప్రభుత్వ నిధులు దొరకడమే ఇది. ఇప్పుడు ఇలాంటి కేంద్రాలు 300 దాకా ఉన్నాయి. కాంగ్రెస్ ఆదేశంతో 1980లలో జరిగిన జాతీయ సర్వేలో వియత్నాంలో పనిచేసిన పురుషుల్లో 15.2 శాతం మందికి, స్త్రీలలో 8.5 శాతం మందికి అప్పటికింకా పీటీఎస్‌డీ ఉందని తేలింది. ఆ స్త్రీలలో అత్యధికులు నర్సులు. తుపాకి పట్టకపోయినా, రోజూ ఛిద్రమైన యువకుల దేహాలు చూసినవారు. వారి మాట వినడానికి దేశం ఇంకొంత ఆలస్యం చేసింది.

జొనాథన్ షే 1994లో ప్రచురించిన 'అకిలీస్ ఇన్ వియత్నాం' సాహిత్యాభిమానులకు దగ్గరగా వచ్చే పుస్తకం. బోస్టన్‌లో వియత్నాం సైనికులకు వైద్యం చేస్తున్న షే, వారి కథలకూ ఇలియడ్‌కూ పోలిక కనిపెట్టాడు. పైవాడు అన్యాయం చేయడం, ప్రాణమిత్రుడు చనిపోవడం, ఆ తర్వాత మనిషి తనను తాను మరిచి సంహారానికి దిగడం అకిలీస్ కథలోనూ ఇదే వరసలో నడుస్తాయి. భయం ఒక్కటే మనిషిని విరిచేయదనీ, న్యాయమని నమ్మినదాన్ని అధికారంలో ఉన్నవాడే తుంగలో తొక్కడం మరింత లోతుగా గాయపరుస్తుందనీ షే వాదం. దీనికి ఆయన వాడిన మాట 'నైతిక గాయం'. జబ్బు అనడం కన్నా గాయం అనడమే ఆయనకు సమ్మతం.

తెలుగు పాఠకుడికి ఇక్కడ భారతం గుర్తుకు రాక మానదు. తిక్కన తెనిగించిన శాంతిపర్వం తొలి భాగంలో ధర్మరాజు గెలిచిన రాజు. కర్ణుడు తన అన్న అని తెలిశాక ఆ గెలుపు అతడికి ఓటమిగా తోస్తుంది. రాజ్యం వద్దంటాడు, అడవికి పోతానంటాడు. తమ్ములు, ద్రౌపది, వ్యాసుడు, కృష్ణుడు ఒకరి తర్వాత ఒకరు అతడితో మాట్లాడతారు. కొందరు బుజ్జగిస్తారు, కొందరు కోప్పడతారు. చివరికి అంపశయ్య మీది భీష్ముడి దగ్గరికి తీసుకువెళతారు. పర్వాల నిడివి మాటలతో ఒక మనిషిని మళ్ళీ లోకంలోకి తెచ్చుకుంటారు. అశ్వత్థామ కథ దీనికి ఎదురు దిశలో నడుస్తుంది. నిద్రపోతున్నవారిని చంపిన అతడికి కృష్ణుడు ఇచ్చిన శాపం చావు కాదు. మానని గాయంతో, తోడెవరూ లేక, ఎవరితోనూ మాట్లాడే వీలు లేక మూడు వేల ఏళ్ళు తిరగడం. ఘోరం చేసినవాడికి వ్యాసుడు ఊహించగలిగిన అతి కఠిన దండన మాట కలిపేవారు లేకపోవడం.

ఇప్పటి వైద్యానికి గట్టి సాధనాలు ఉన్నాయి. ఎడ్నా ఫోవా, పెట్రీషియా రెసిక్ రూపొందించిన చికిత్సల్లో రోగి నియమిత సంఖ్యలో జరిగే సమావేశాల్లో జ్ఞాపకాన్ని నేరుగా ఎదుర్కొంటాడు, లేదా ఆ జ్ఞాపకం తనలో నాటిన తప్పుడు నిర్ధారణలను పరిశీలించుకుంటాడు. అణచిపెట్టవద్దన్న రివర్స్ మాట వాటి పునాదిలో ఉంది. తాము కోలుకుని తోటివారికి దారి చూపే మాజీ సైనికులు ఇప్పుడు ఆసుపత్రుల్లో జీతానికి పనిచేస్తున్నారు. 2007లో మొదలైన సంక్షోభ సహాయ ఫోన్‌ను ఇప్పుడు 988కి చేసి 1 నొక్కితే అందుకోవచ్చు. అయినా 2022లో అమెరికాలో రోజుకు సగటున 17 మందికి పైగా మాజీ సైనికులు ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో చాలామంది ఆ మధ్యకాలంలో మాజీ సైనికుల వైద్యవ్యవస్థ గడప తొక్కనివారే. చికిత్స ఉండడం వేరు, దాని దగ్గరకు రాగలిగేంత నమ్మకం కలగడం వేరు.

అమెరికాలోని మాజీ సైనికుల ఆసుపత్రుల్లో తెలుగు వైద్యులూ ఉన్నారు. కాందహార్‌లోనో ఫలూజాలోనో తెగిపోయిన మాట కొన్నిసార్లు వారి ముందు మళ్ళీ మొదలవుతుంది. అక్కడ వినేవారికి ఏం కావాలో షే తన పుస్తకంలో చెప్పాడు. విన్నదానికి తాము కూలిపోకుండా ఉండగల బలం, జరిగిందాన్ని కాదనకుండా, చెప్పేవాడినే తప్పుపట్టకుండా ఉండగల నిగ్రహం, అతడి భయంలోనూ దుఃఖంలోనూ కోపంలోనూ కొంత తామూ అనుభవించే సిద్ధం. ఇవి వైద్య కళాశాలలో మార్కులకు వచ్చే విషయాలు కావు. ఇల్లాలికీ, పొరుగువాడికీ, తోటి ఉద్యోగికీ కూడా ఇవి సాధ్యమే. రోగ వర్గీకరణ గ్రంథంలో ఆ పేరు ఇప్పుడు స్థిరంగా ఉంది. దానిని మళ్ళీ ఎవరైనా తీసేస్తారా అన్నది వైద్యుల సంఘం మీద ఎంత ఆధారపడిందో, యుద్ధానికి మనుషులను పంపే దేశం తిరిగి వచ్చినవారి మాట చివరిదాకా వినడానికి ఎంత ఓపిక పట్టగలదన్న దాని మీదా అంతే ఆధారపడి ఉంది.